నూరు రోజుల తూము

ఒక పెద్ద అడవిలో, సింహం కొలువుండే గుహలో, అన్నీ వాటంతట అవే జరిగేవి. చీకటి పడగానే మిణుగురులు గోడలెక్కి వెలిగేవి. వాన మొదలైతే కప్పలు అరిచేవి. ఆ అరుపు వినగానే కొండముచ్చు తీగ లాగేది. తీగకి కట్టిన తూము తలుపు పైకి లేచి, గుహ వెనకాల గుంటలో చేరిన నీళ్లన్నీ వాగులోకి పోయేవి. ‘వాటంతట అవే’ అంటే, చేసేవాళ్ల పేర్లు ఎవరూ అడగరని అర్థం.

ఈ ఏర్పాటంతా నీటికుక్క మేస్త్రీది. అది ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పడానికి ఎత్తైన బండమీద, రేకు చూరు కింద ఒక బోర్డు ఉండేది. దానిమీద అంకె మార్చడమే వడ్రంగిపిట్ట ఉద్యోగం.

ఒకరోజు సింహం ఆ బోర్డు చదివింది. “అరవై రెండు లక్షల ఇరవై వేల ఎనిమిది వందల సెకన్లు. ఏమయ్యా, ఇది ఎక్కువా, తక్కువా?”

కార్యదర్శి నక్కకి తెలీదు. “తమ హయాంలో అన్నీ ఎక్కువే ప్రభూ!”

నీటికుక్కకి జాలేసింది. ఇసుకలో గీతలు గీసి అరవైతో భాగించింది, మళ్లీ అరవైతో, ఆపైన ఇరవై నాలుగుతో. “డెబ్బై రెండు రోజులు దొరా. ఇకనుంచి ఇలాగే రాయిద్దాం. అందరికీ అర్థమవుతుంది.”

అక్కడే వచ్చింది చిక్కు. అంతవరకూ మేస్త్రీ రెండు మూడు నెలలకోసారి, వానలకి ముందైతే తప్పకుండా, అన్నిటినీ ఒక పూట ఆపి, తూములోకి దిగి ఒండ్రు తీసేది. బోర్డు సున్నాకి వచ్చేది. ఎవరికీ అర్థంకాని అంకె సున్నా అయితే ఎవరికి బాధ?

ఇప్పుడు అర్థమైంది. మర్నాటికల్లా చిలకలు కొమ్మకొమ్మనా అరుస్తున్నాయి: “ఆగని పాలన, అలుపెరగని సేవ!” నూరో రోజున ఉత్సవమన్నారు. పక్క అడవి పులికి ఆహ్వానం వెళ్లింది.

ఎనభయ్యో రోజున మేస్త్రీ మెడదాకా బురదతో కార్యదర్శి దగ్గరికి వచ్చింది. “తూములో ఒండ్రు పేరుకుపోయింది. ఒక్క పూట ఆపాలి.”

“ఆపితే బోర్డు మీద?”

“సున్నా.”

నక్క తోక నిక్కబొడుచుకుంది. “ప్రభువుల పేరు పక్కన సున్నా రాయిస్తావా?”

“పోనీ, అంకె కదపకుండా ఆపనా?”

“అబద్ధమా! మా బోర్డు మీదా! గణాంకాలు పవిత్రమైనవి మేస్త్రీ.”

మేస్త్రీ వెనకాలే ముళ్లపంది నిలబడి ఉంది. దాని బొరియ గుంటకట్ట కిందనే. “అయ్యా, ఆ తలుపు లేవకపోతే మొదట మునిగేది నా ఇల్లు. ముగ్గురు పిల్లలు. ఇంకా ముళ్లైనా గట్టిపడలేదు. ఈత రాదు.”

“ఎనభై రోజులుగా ఆగనిది ఇప్పుడాగుతుందా తల్లీ?”

“ఎనభై రోజులుగా వాన పడలేదు బాబూ.”

నక్క చిలకలకేసి తిరిగింది. గొంతు సవరించుకుంది. “వ్యవస్థని నమ్మనివాళ్లు వ్యవస్థకి శత్రువులు!” చిలకలు అందుకున్నాయి.

బయటికొచ్చాక ముళ్లపంది అడిగింది. “ఎక్కడికి పోను మేస్త్రీ? కట్ట కిందంతా పల్లమే.”

మేస్త్రీ చుట్టూ చూసింది. “ఈ అడవిలో వాన తగలకుండా కట్టిన చోటు ఒక్కటే ఉంది ముళ్లక్కా.”

ముళ్లపంది తలెత్తి బండకేసి చూసింది. ఆ సాయంత్రమే పిల్లల్ని తోలుకుని ఎక్కి, బోర్డు వెనకాల ఎండుటాకులు పరుచుకుంది. బోర్డు వెనక్కి ఎవరూ తొంగిచూడరు కనుక ఎవరూ అడగలేదు.

నూరో రోజు వచ్చింది. పులి వచ్చింది. నక్క ఉపన్యాసం మొదలైంది. వాన కూడా మొదలైంది.

కప్పలు అరిచాయి. కొండముచ్చు లాగింది. మళ్లీ అరిచాయి, మళ్లీ లాగింది. ఒండ్రులో కూరుకుపోయిన తలుపు అంగుళం కూడా కదల్లేదు. గుంట నిండి, కట్ట దాటి, ముళ్లపంది పాత బొరియని మింగి, నీళ్లు తిన్నగా గుహలోకి నడిచాయి. మిణుగురులు ఎగిరిపోయాయి. పులి చెప్పకుండా వెళ్లిపోయింది.

సింహం తడిసి, ఈదుకుంటూ వచ్చి బండెక్కింది. చూరు కింద ముళ్లపంది పిల్లల ఒళ్లు నాకుతోంది.

“ఎవరే నువ్వు?”

“తమ ప్రజనే దొరా. ఇలా రండి, చోటుంది. ముళ్లు చూసుకోండి.”

సింహం కూలబడి వడ్రంగిపిట్టని గద్దించింది. “ఎప్పుడు ఆగింది ఇదంతా?”

“ఆగలేదు ప్రభూ! కప్పలు అరుస్తూనే ఉన్నాయి, కొండముచ్చు లాగుతూనే ఉంది. రేపటికి నూటొకటి.”

కింద దుంగ పట్టుకుని తేలుతున్న నక్క, ఊపిరి అందినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది.

కాబట్టి పిల్లలుగలవాళ్లారా, సర్కారు దేన్ని తడవనివ్వదో కనిపెట్టి, దాని వెనకాల కాపురం పెట్టండి.