వాన తుడిచిన వరద చిత్రం

తాతలు త్రవ్విన చెలమల చలువతో బ్రతికే ఒక పెద్ద అడవిలో కూర్మాంబ అనే వృద్ధ తాబేలు ఉండేది. ఆ చెలమలను త్రవ్వించి జింకల దాహం తీర్చినవాడు ఆమె తాతగారైన ఆదికూర్ముడు. మహావరదలో కుందేటి కూనలను వీపున మోసి గట్టుకు చేర్చిన పుణ్యాత్మురాలు ఆమె తల్లి కమఠమ్మ. ఆ సాహసాన్ని ఆనాడే ఒక కొండముచ్చు ఫిల్ముకు ఎక్కించింది. కూర్మాంబకు తల్లి గుర్తుగా మిగిలినది ఆ రీలు ఒక్కటే.

పాత ఫిల్ములను బాగుచేసే చిత్రోద్ధరణ సంఘానికి అధ్యక్షుడైన జంబుకయ్య అనే నక్క ఒకనాడు ఆ రీలును చూసి ముక్కు చిట్లించాడు.

"అవ్వా, తెర నిండా ఈ చుక్కలేమిటి? చీమలపుట్ట కదిలినట్లున్నది!"

"అవి ఫిల్ము రేణువులు నాయనా. బొమ్మ కట్టినదే వాటితో. గింజలన్నీ ఏరి పారబోసి అన్నం వండుతావా?"

"పాతకాలపు మాటలు! గజిబిజిగా కదిలేదంతా మురికేనని నా యంత్రం సిద్ధాంతం. అంతా నునుపు చేసి, అంచులకు పదును పెట్టి, డిస్కులోనికి ఎక్కిస్తాను. మీ అమ్మగారు ఇంటింటా వెలిగిపోతారు!"

ఆ చివరి మాటకు కూర్మాంబ కరిగి, నకలు తీయడానికి ఒప్పుకున్నది.

తొలి ప్రదర్శనకు అడవి అంతా తరలివచ్చింది. ఆహా, ఏమి నునుపు! తెరమీది ఏనుగు, నూనె రాసిన రుబ్బురోలులా మెరిసింది. పదును ఎక్కువై, ప్రతి మీసం ప్రక్కనా మరొక తెల్లమీసం మొలిచింది. అయితే చినుకులు కూడా గజిబిజిగా కదిలినవే కనుక యంత్రం వానను తుడిచివేసింది. వరద సుడులను సాపు చేసి గచ్చునేలగా మార్చింది. మబ్బులను మరకలనుకొని నక్క స్వయంగా కడిగివేశాడు.

నిగనిగలాడే ఎండలో, నున్నని గచ్చుమీద, కమఠమ్మ కూనలను మోస్తూ ఆపసోపాలు పడుతున్నది.

"దిగి నడవండర్రా, సోమరుల్లారా!" అని కోతిపిల్లలు ఈల వేశాయి.

"ముసలిది నేలమీద ఈదుతున్నదిరోయ్!" అని గాడిద దొర్లి దొర్లి నవ్వింది.

కూర్మాంబ తల డిప్పలోనికి ముడుచుకున్నది. తల్లి చేసిన మేలు కళ్ళెదుటే నవ్వులపాలైనది.

అంతలో తెరమీద, ఒక మోడుపై, పులిరాజుగారి తండ్రి కనబడ్డాడు. గజగజ వణుకుతున్నాడు.

"జంబుకా! మా నాన్నగారు ఎందుకు వణుకుతున్నారు?" అని సభలోనున్న పులిరాజు గర్జించాడు.

"ఎండకు, ప్రభూ."

"ఎండకు ఎవడైనా వణుకుతాడురా?"

"మహానుభావులు వణుకుతారు, ప్రభూ."

"తక్షణం వాన కురవాలి! లేదా నీ తోలు ఊడుతుంది!"

నక్క కంగారుపడి యంత్రంతో కొత్త చుక్కలను గుప్పెళ్ళకొద్దీ చల్లించాడు. ఇక చూడాలి! గుహ లోపల వాన. పెద్దపులి నోటిలో వాన. సంఘసభ్యుల పేర్లమీద వాన. అడవి పొట్ట పట్టుకొని నవ్వింది.

కూర్మాంబ తల బయటకు పెట్టింది. "ప్రభూ, ఒక్కమారు నా రీలు ఆడించండి."

రీలు తిరిగింది. చుక్కలు కదిలాయి, చుక్కలలోనుండి జోరువాన దిగింది. సుడిలో కమఠమ్మ మెడ మాత్రమే పైకి తేలుతున్నది. వీపుమీద కూనలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉన్నవి. కోతిపిల్లల ఈలలు ఆగిపోయాయి. గాడిద నోరు తెరచినది తెరచినట్లే ఉండిపోయింది.

"తడిసి వణికారు! మా నాన్నగారు తడిసి వణికారు!" అని పులిరాజు గంతులు వేశాడు.

జంబుకయ్య చప్పున ముందుకు దూకాడు. "చిత్తగించారా ప్రభూ? ఇదే మా సంఘం వారి సరికొత్త విధానం. ఏమీ చేయకపోవడం!"

సభ మురిసిపోయి అతనికి శాలువా కప్పింది.

కూర్మాంబ తన మనుమరాలు కచ్ఛపికి అప్పగించినవి ఇవి: ఆ రీలు, దానిని చల్లని తొర్రలో దాచే పద్ధతి, తల్లి మోసిన కూనల పేర్లు.

నీతి యేమనగా, చేసిన మేలు నిలవాలంటే దానిని బాగుచేసేవారి కంటబడనీయరాదు.