జేబు బిళ్ల, బెల్లం పొయ్యి

ఆ పొద్దున హన్మవ్వ అనుకున్నది చిన్న పనే. సెలవు మీద వచ్చిన కొడుకు లింబయ్య నిద్ర లేచేలోగా ఒక పెనం బెల్లం దించాలి, వాడి సంచిలో నాలుగు ముద్దలు పెట్టాలి. పొయ్యి అంటుకుంది కూడా. అంతలో తీగ మీద వేలాడుతున్న లింబయ్య అంగీకి ఒక నల్ల బిళ్ల కనిపించింది. అగ్గిపెట్టెంత ఉంది. దాని మీద నంబరు ఉంది.

"ఏందిరా గిది?"

"ముట్టకవ్వా," అన్నాడు లింబయ్య మంచంలోంచే. అతను బొంబాయి అవతల అణు విద్యుత్ కేంద్రంలో మెకానిక్కు. "డ్యూటీల పెట్టుకునే బిళ్ల. ఉరుకులాటల తీసిపెట్టుడు మర్సిన. మా మీద రేడియేషన్ ఏం పడ్డా గది పట్టుకుంటది. నెలాఖరుకు ఆఫీసోళ్లు తీసి సూస్తరు. మూడేండ్ల సంది మా జట్టు లెక్క సాఫ్ ఉన్నది. గీ నెల గూడ సాఫ్ ఉంటే భద్రత అవార్డు మాకే. అవార్డొస్తే నన్ను పర్మినెంట్ చేస్తమన్నరు."

కొడుకు ఉద్యోగం పర్మినెంట్ కావాలని హన్మవ్వకు ఎంతో ఆశ. కానీ ఇప్పుడు ఆమె చెవిలో మిగిలినవి రెండే మాటలు: 'పట్టుకుంటది', 'ఆఫీసోళ్లు'. ఆ చుట్టుపక్కల పండిన చెరుకంతా ఫ్యాక్టరీకే పోవాలి. అనుమతి లేకుండా బెల్లం వండితే చెరుకు ఆఫీసువాళ్లు గానుగకు సీలు వేస్తారు. హన్మవ్వకు అనుమతి లేదు. గానుగలో సగం వాటా ఉన్న పక్కింటి పోశన్నకూ లేదు.

పోశన్న వచ్చి, ముఖానికి తువ్వాల కప్పుకుని, దూరం నుంచే బిళ్లను పరీక్షించాడు.

"తువ్వాల ఎందుకే?"

"నా మొకం గూడ పట్టుకుంటే? హన్మక్కా, దీనికి కన్ను కనవడ్తలేదు. అంటే లోపల పెట్టిండ్రు."

"నా కొడుకు అవార్డంటున్నడు."

"పిలగానికి ఏం ఎరుక? అవార్డని సెప్పి అంగీకి కట్టి పంపిండ్రు. మన పొయ్యి సూసుటానికే."

కొడుకు స్నానానికి వెళ్లగానే హన్మవ్వ బిళ్లను గుడ్డలో చుట్టి, పొయ్యి గోడలోని గూట్లో పెట్టింది. వేడికీ పొగకూ దాని కన్ను పోతుందని ఆమె లెక్క. మూడు రోజులు లింబయ్య ఇల్లంతా వెతికాడు. నాలుగో రోజు బస్సెక్కే ముందు, "బట్టల్ల దొరికింది బిడ్డా," అని చేతిలో పెట్టింది.

రెండు వారాల తర్వాత ఊళ్లోకి ఒక జీపు వచ్చింది. ఇద్దరు ఆఫీసర్ల నడుమ లింబయ్య కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది.

"నేను సెప్పలే?" అన్నాడు పోశన్న. ఇంటి వెనక దాచిన బెల్లం ముద్దలను గబగబా వాకిట్లోని పెద్ద రాతిబండ కింది గుంతలోకి తోసి, బండ మీద కూర్చున్నాడు.

"అవ్వా, నా బిళ్ల లోపలి ఫిల్ము బొగ్గులెక్క నల్లగైంది," అన్నాడు లింబయ్య. "నా మీద ఏదో పడ్డదంటున్నరు. నెత్తురు తీసి సూసిండ్రు, ఏం లేదు. ఇగ ఇల్లంత ఎతుకుతరట. అవార్డు ఆపిండ్రు."

పెద్ద ఆఫీసరు రేడియేషన్ కొలిచే, పిడి ఉన్న ఒక పెట్టె తీశాడు. అది టిక్కు, టిక్కు అంది. పొయ్యి దగ్గరా అంతే, పశువుల కొట్టంలోనూ అంతే. బండ దగ్గరికి రాగానే కొంచెం తొందరగా టిక్కుమంది.

"వాసన పట్టింది," అని పోశన్న గొణిగాడు.

ఆఫీసరు హిందీలో ఏదో అన్నాడు. "జర లేవమంటున్నడు పోశన్నా," అన్నాడు లింబయ్య.

"లేవరాదు. మోకాళ్లు పట్టుకున్నయి."

"మొన్న నేనొచ్చినప్పుడు చెట్టెక్కినవు గదనే!"

"గందుకే పట్టుకున్నయి."

ఆఫీసరు పెట్టెను పోశన్న మోకాళ్లకు ఆనించి, నొసలు ముడిచి, కాగితం మీద రాసుకున్నాడు. హన్మవ్వ కొడుకు ముఖం చూసింది. ఇక ఆగలేకపోయింది.

"వాని తప్పేం లేదు సాబ్! బెల్లం నాది. పొయ్యి నాది. బిళ్లను పొయ్యి గూట్ల పెట్టింది గూడ నేనే!"

"పొయ్యి గూట్లనా?" అని లింబయ్య అరిచాడు. "ఎన్ని దినాలు?"

"మూడు."

లింబయ్య చెప్పగానే ఆఫీసరు కాగితం కింద పెట్టి పడీ పడీ నవ్వాడు. వేడికి ఫిల్ము దానంతట అదే నల్లబడుతుందట. ఈ ప్రాంతపు రాతిబండలకు పెట్టె కొంచెం ఎక్కువ టిక్కుమనడం మామూలేనట. బెల్లంతో తమకు పని లేదన్నాడు. పైగా ఒక ముద్ద తిని, మరొకటి కట్టించుకుని వెళ్లాడు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. భద్రతా పురస్కారం లింబయ్య జట్టుకే. లింబయ్య పర్మినెంట్ అయ్యాడు. బిళ్లలు గేటు దాటకూడదని అక్కడ కొత్త నిబంధన పెట్టారట. హన్మవ్వ ఉత్తరాన్ని కళ్లకు అద్దుకుంది.

"మనం ఉత్తగనే అనుమానపడ్డం పోశన్నా. ఆఫీసోళ్లు మంచోళ్లే."

"మంచోళ్లే," అన్నాడు పోశన్న. "అవార్డు ఇచ్చిండ్రు గానీ, అసలు మన పొయ్యికి ఏం ఇయ్యలే."

వారం తిరక్కుండా మరో జీపు వచ్చింది. దిగినవాళ్లు నోరు తెరవకముందే హన్మవ్వ ఎదురెళ్లింది.

"అవార్డు సంగతికేనా సారూ? రాండ్రి, గిదే పొయ్యి. గగో గానుగ. దినానికి రెండు పెనాలు దించుతం."

వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పుస్తకం తీసి అన్నీ రాసుకున్నారు.

"పోశన్న పేరు గూడ రాయుండ్రి సారూ. సగం ఆయనదే."

పోశన్న తల దువ్వుకుని వచ్చి, సంతోషంగా వేలిముద్ర వేశాడు. వాళ్లు అతని చేతికి ముద్ర కొట్టిన కాగితం ఒకటి ఇచ్చి, గానుగకు సీలు వేసి వెళ్లారు. సీలు ఎందుకే అని హన్మవ్వ అడిగితే, "అవార్డు పడ్డ వస్తువును ఇంకెవ్వరు ముట్టొద్దని," అన్నాడు పోశన్న.

చెరుకు ఆఫీసులో హాజరు కావాలని అందులో రాసిన తేదీ దాటి తొమ్మిది రోజులయ్యేదాకా, ఆ కాగితం పోశన్న ఇంట్లో అద్దాల చట్రంలో గోడకు వేలాడింది.