పంచె అంచులో డిప్లొమా

"కోవిల్‌పట్టి ఇక అగ్గిపెట్టెల ఊరు కాదు, కళాకారుల ఊరు!" అని మంత్రి గోకులకృష్ణన్‌గారు ప్రకటించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. కొట్టక చస్తానా? కటౌట్ పెయింటింగ్ శిక్షణ కేంద్రం పెట్టింది, నెలనెలా అద్దెకు, మా పత్తి గోడౌన్‌లోనే మరి.

దానికి ఆఫీసర్ సురేష్‌కుమార్. అంతకుముందు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేనేజరు. అక్కడ ఒకరు పుల్లలు పేరుస్తారు, ఒకరు మందులో ముంచుతారు, ఇంకొకరు లేబుల్ అంటిస్తారు. ఆ మేధావి కళకూ అదే పద్ధతి పెట్టేశాడు. ఒకడికి మంత్రిగారి మీసం, ఒకడికి కళ్లజోడు, మరొకడికి చిరునవ్వు. నవ్వు నేర్చినవాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అంత హోదా!

శిక్షణకొచ్చిన వాళ్లలో మారీశ్వరి అనే పిల్లకి పంచె అంచు దక్కింది. అంటే పార్టీ రంగు గీత. నీలం.

ఆ పిల్ల తల్లి చెల్లమ్మాళ్ ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది.

"సారూ, నా బిడ్డ నా మాదిరి పుల్లలు పేర్చకూడదనే కదా ఈడ చేర్పిస్తిని. వచ్చిన నాటినుంచీ గీతే గీస్తా ఉండాది. మొగం ఎప్పుడు నేర్పిస్తారు?"

"మొగం వేరే డిపార్ట్‌మెంటమ్మా," అన్నాడు ఆఫీసర్.

"గీతకి పని ఎవురిస్తారు సారూ?"

"అదే స్పెషలైజేషన్!"

పాపం, ఆమె ఆ మాటకు దండం పెట్టి వెళ్లిపోయింది. అయినా నోరు మంచిదైతే ఊరు మంచిది గదా, "ఆహా, ఏం ప్లానింగు సారూ!" అన్నాను.

విరుదునగర్‌లో సర్టిఫికెట్ల సభ. కోవిల్‌పట్టి నుంచి అక్కడిదాకా రోడ్డు పొడుగునా మంత్రిగారే చేతులు జోడించి నిలబడ్డారు. మీసం కుర్రాడు జ్వరంతో పడుకోవడంతో కొన్నిచోట్ల మీసం రాలేదు. "అవి యువజన విభాగానికి," అన్నాడు ఆఫీసర్.

సభనాటి పొద్దున ఆ ఆఫీసరే మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, నిచ్చెన ఉండాదా? మంత్రిగారు అవతలి పార్టీలో చేరిపోయినారు!"

"అయ్యయ్యో! కటౌట్లన్నీ దండగేనా?"

"దండగెందుకయ్యా? మొగం అదే, నవ్వు అదే, దండం అదే. మారీశ్వరి ఎక్కడ?"

మారీశ్వరి నిచ్చెనెక్కింది. కింద చెల్లమ్మాళ్ పట్టుకుంది. ఒక్కో కటౌట్‌కీ నీలం మీద కొత్త పార్టీ ఆకుపచ్చ పడింది, ఎక్కడా గీత వంకర పోలేదు. సాయంత్రం మంత్రిగారు కొత్త పంచెలో వచ్చి, శిక్షణ వృథా పోలేదని కంటతడి పెట్టారు. మీసం, కళ్లజోడు, నవ్వు సర్టిఫికెట్లు పుచ్చుకుని మర్నాడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లారు. శిక్షణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది ఒక్క మారీశ్వరికే.

మొదటిరోజు డ్యూటీకొచ్చి ఆ పిల్ల అడిగింది:

"సార్, మిగిలిన నీలం డబ్బా పారెయ్యనా?"

ఆఫీసర్ ఉలిక్కిపడ్డాడు.

"వద్దమ్మా! మూత గట్టిగా బిగించి పెట్టు."