కుర్చీకి ముందొక గ్రామర్ పరీక్ష

ఇంగ్లీషు గ్రామర్ అంటే గిట్టనివాళ్లు ఇక్కడితో ఆపేసి వేరే పేజీ తిప్పుకోండి. నేను దానికి భక్తుణ్ణైపోయాను! ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, నీళ్ల పంపులు రిపేరు చేసుకుని బతికేవాడికి ఇదేం భక్తి అంటారా? సంసారంలో శాంతి దొరికితే ఎవడైనా భక్తుడవుతాడు.

మా ఆవిడ హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున టేబుల్ ముందు నిలబడితే సాయంత్రానికి కాళ్ల మీద నరాలు తాళ్లలా తేలతాయి. ఆ హాలు మొత్తానికీ కుర్చీ ఒక్కటే. అది సూపర్‌వైజరుది. ఆ పెద్దావిడ ఈమధ్యే రిటైరైంది. కుర్చీ ఖాళీ అయింది. మా ఆవిడ కన్ను దాని మీద పడింది.

యజమాని ఊరికే ఇస్తాడా? ఇంగ్లీషులో పరీక్ష పెట్టాడు. కండిషనల్సనే షరతు వాక్యాలు, వాక్యాల్ని మార్చి రాయడం, సామెతలు. అవును మరి, ఇంగ్లీషు రానివాళ్లు ఇస్త్రీ చేయిస్తే దుప్పటి ముడతలు పోతాయా?

ఇక లాభాలు చూడండి. మా వంటగదిలో బల్బు మాడిపోయి చాలా కాలమైంది. పూర్వమైతే "ఊళ్లో పంపులన్నీ బాగుచేస్తావు, ఇంట్లో బల్బు మార్చడానికి చేతులు రావు" అని నిలబెట్టి కడిగేసేది. ఇప్పుడో? బల్బు మారిస్తే వెలుతురు వస్తుంది. మార్చే రకమైతే వచ్చేది. మార్చి ఉంటే వచ్చి ఉండేది. పరీక్ష కోసం ఇలా మూడు రకాలుగా ఆవిడ ఇంగ్లీషులో చెప్పాలి, మా అమ్మాయి గైడు పట్టుకుని దిద్దాలి. మూడోది ముగిసేసరికి నేను చెప్పులేసుకుని వీధి మలుపు దాటేసి ఉంటాను. పెళ్లైన మగవాళ్లారా, ఇంతకన్నా వరం ఉందా?

వాక్యం మార్చడం ఇంకా గొప్ప విద్య. "నేను అన్నం వండాను" అనేది "అన్నం నా చేత వండబడింది" అవుతుంది. అన్నం అదే, మార్కులు రెండు. ఒకరోజు ఆ అన్నం కాస్తా మాడింది.

"ఇది ఎవరి చేత మాడ్చబడింది?" అన్నాను.

"గ్రామర్ చేత. తిను" అంది.

సామెతల దగ్గర మాత్రం కొంచెం ఆగింది. దొర్లే రాయికి నాచు పట్టదని మా అమ్మాయి చదివి, అర్థం చెప్పమంది.

"నాచు పట్టడం మంచిదా, పట్టకపోవడం మంచిదా?"

"గైడులో రాయలేదమ్మా."

"ఇన్నేళ్లు కదలకుండా ఒక్కచోటే నిలబడ్డాను కదే. నాచూ లేదు, ఏమీ లేదు. నరాలు పట్టేశాయి."

"అది మాత్రం పరీక్షలో రాయకు."

రాయలేదు. గైడులో ఉన్నదే రాసింది. ఫస్టొచ్చింది! గుండెల మీద తగిలించుకునే బిళ్ల ఇచ్చారు, దాని మీద ఇంగ్లీషులో హోదా. మర్నాడు ఆ బిళ్ల పెట్టుకుని హాల్లోకి వెళితే, కుర్చీ లేదు.

అడిగితే యజమాని నవ్వాడట. "సూపర్‌వైజరంటే నాలుగు వైపులా తిరిగి చూసుకోవాలి కదమ్మా. కుర్చీ నా గదిలో వేయించాను, వచ్చేపోయేవాళ్లకి."

"పాతావిడ కూర్చునేది కదండీ?"

"అందుకే తీయించానమ్మా."

ఆయన తప్పేం లేదు. పాసైతే పోస్టన్నాడు, ఇచ్చాడు. కుర్చీ అని నోరు తెరిచి అన్నాడా? షరతులన్నీ మా ఆవిడ నేర్చుకుంది. షరతు పెట్టేవాడికి మాత్రం ఏ పరీక్షా లేదు. కాళ్లు నొప్పెడితే కూర్చోవడానికి ఎంత గ్రామర్ కావాలో గైడు మొత్తం తిరగేయించాను, ఏ పేజీలోనూ లేదు.

ఆవిడ ఇంటికొచ్చి, మాకున్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడింది. బకెట్టు బోర్లించి దాని మీద కాళ్లు చాపింది. నేనిదంతా వంటగట్టు మీద కాగితం పెట్టుకుని, కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో నిలబడి రాస్తున్నాను.

"రాసింది చాలు గానీ, ఆ బల్బు మార్చవయ్యా" అంది ఇప్పుడే. తెలుగులో, ఏ షరతూ లేకుండా.

మార్చేవాణ్ణే. ఈసారి నిజంగానే కొత్త బల్బు తెచ్చాను, జేబులో ఉంది. కానీ అది అందాలంటే నేను కుర్చీ ఎక్కాలి. కుర్చీలో ఆవిడ ఉంది.

అక్కడ ఎలాగూ కూర్చోనివ్వలేదు. ఇక్కడ నన్ను లేపమంటారా?