మామగారి మడత చాకు

ఆ ఆదివారం లైబ్రేరియన్‌గారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మామగారి మడత చాకుకు స్క్రూ బిగించాలి, ఆ తరువాత మామగారు దిగే పదకొండింటి దాకా కుర్చీలోంచి లేవకుండా పేపరు చదువుకోవాలి. స్క్రూ బిగింపుకు ఆయన కేటాయించింది ఐదు నిమిషాలు.

నిజానికి ఆ ఐదు నిమిషాల పని ఆరు నెలలుగా సొరుగులో మూలుగుతోంది. మామగారు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరింటికి వెళ్లినా భోజనాలయ్యాక జేబులోంచి ఆ చాకు తీసి, ఆపిల్ తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే తీగలా ఒలిచి, అందరికీ ఎత్తి చూపించి గానీ ముక్క నోట్లో పెట్టుకోరు. పోయినసారి వచ్చినప్పుడు బ్లేడు అటూ ఇటూ ఊగి, తొక్క మూడుచోట్ల తెగింది. ఆయన మొహం మాడిపోయింది. చాకు అల్లుడి చేతిలో పెట్టి, "మంచి పనివాడికి చూపించండి. మీరు మాత్రం ముట్టుకోకండి," అన్నారు.

ఆ చివరి మాట లైబ్రేరియన్‌గారికి ముల్లులా గుచ్చుకుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో మామగారు ఆయన్ని బల్బు కూడా మార్చనివ్వలేదు. పుస్తకాల మనిషి చేతులు పేజీలు తిప్పడానికి తప్ప ఎందుకూ కొరగావని ఆయన సిద్ధాంతం. ఈ ఒక్క చాకునైనా సొంతంగా బాగుచేసి ఆయన చేత శభాష్ అనిపించుకోవాలని అల్లుడి పంతం. పంతమైతే ఆరు నెలల క్రితమే పట్టారు గానీ స్క్రూడ్రైవర్ ఈ రోజే పట్టారు. ఈలోగా మామగారు ఫోన్లో అడిగినప్పుడల్లా, "పెద్ద పనివాడి దగ్గరుంది మామయ్యగారూ, ఆయన తొందరపడే రకం కాదు," అంటూ నెట్టుకొచ్చారు.

స్క్రూ బిగించారు. ఊగడం ఆగింది, తెరుచుకోవడమూ ఆగింది. కాస్త వదులు చేశారు. తెరుచుకుంది, మళ్లీ ఊగింది. బిగించీ వదిలీ, వదిలీ బిగించీ వేలు బొబ్బలెక్కాక, జబ్బు స్క్రూలో కాదు, లోపలెక్కడో ఉందని తేల్చారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకునేది ఇలాంటప్పుడే. టేబులు మీద ఆ రోజు పేపరు పరిచి చాకును మొత్తం విప్పేశారు. ఏడు ముక్కలు తేలాయి.

ఇంకొకరైతే ఆ ముక్కల్ని వరసగా పెట్టుకుని ఊరుకునేవారు. నంబరు లేని వస్తువును లైబ్రేరియన్‌గారు నమ్మరు. చిన్న చిన్న చీటీలు కత్తిరించి, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి, ముక్కకొకటి అంటించారు. అది మామూలు జిగురైనా బాగుండేది. పాఠకులు పుస్తకాల మీది చీటీలు పీకేస్తున్నారని కడుపుమండి ఆయనే స్వయంగా కాచిన జిగురది. దాంతో అంటించిన చీటీ ఊడాలంటే పుస్తకం అట్ట కూడా ఊడాల్సిందే.

"ఏవండీ, చాకుకి ఏంటీ అలంకారం?" అంది భార్య, గుమ్మంలోంచి తొంగిచూసి.

"అలంకారం కాదు, పద్ధతి. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"మా నాన్న మీతో అన్న మాట తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నారా?"

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆ జిగురు చేతిని కూడా ఒక పట్టాన వదలదు. ఆయన తిరిగి వచ్చేసరికి టేబులు శుభ్రంగా ఉంది. ముక్కలన్నీ ఒక పళ్లెంలోకి చేరాయి. లెక్కపెడితే ఆరే ఉన్నాయి.

"ఆరో నంబరేదీ?"

"నాకేం తెలుసు? ఉన్నవన్నీ పళ్లెంలో వేశాను."

"అది వాషరే! కాగితమంత పల్చగా ఉంటుంది. దాని జిగురింకా ఆరనే లేదు..." అంటూ ఆయన ఆగిపోయారు. "పేపరేదీ?"

"మేడమీది మాస్టారు అడిగితే ఇచ్చాను. ప్రతి ఆదివారం ఇచ్చేదేగా?"

ఆయన గడియారం చూశారు. పదిన్నర దాటింది. పళ్లెంలోంచి మూడో నంబరు తీసుకుని ఒక్క ఉదుటున మెట్లెక్కారు. మూడో నంబరంటే బ్లేడు. పేపరుకు అంటుకున్న వాషరును గీకడానికి పనికొస్తుందని ఆయన ముందుచూపు.

మాస్టారు బాల్కనీలో పేము కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. లైబ్రేరియన్‌ను చూడగానే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. లైబ్రరీ పుస్తకం ఒకటి నాలుగు నెలలుగా ఆయన మంచం కిందే ఉండిపోయింది మరి.

"రేపు పొద్దున్నే ఇచ్చేద్దామనుకుంటున్నానయ్యా..."

"రేపటిదాకా ఆగలేను మాస్టారూ. ముందు మీరు లేవండి. మా మామగారి వాషరు మీ కిందుంది."

మాస్టారికి అర్థమైంది 'లేవండి' ఒక్కటే. లేచారు. పేము గుచ్చుకోకుండా చదివేసిన పేజీల్ని కుర్చీలో పరుచుకుని కూర్చోవడం ఆయన అలవాటు. ఆ పేజీల మీద ఏమీ లేదు.

"వెనక్కి తిరగండి."

మాస్టారు గోడవైపు తిరిగారు. తెల్లటి పైజామా మీద, కూర్చునే చోట నట్టనడుమ, 6 అన్న చీటీ మెరుస్తోంది.

"కదలకండి మాస్టారూ! కదిలితే తెగుతుంది," అని లైబ్రేరియన్‌గారు మోకాళ్ల మీద కూర్చుని బ్లేడు ఎత్తారు.

సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య కాఫీ పట్టుకుని వచ్చింది. భర్త గోడకు మొహం పెట్టి వణుకుతున్నాడు, వెనక లైబ్రేరియన్ కత్తి ఎత్తాడు. కప్పు నేల మీద భళ్లున పగిలింది.

"అయ్యో అయ్యో! పుస్తకం ఆలస్యమైతే మాత్రం పొడిచేస్తారా!" అంటూ ఆవిడ మెట్ల మీంచి పరుగు లంకించుకుంది.

కింద గేటు దగ్గర, చేతిసంచీతో లోపలికి వస్తున్న పెద్దమనిషిని గుద్దుకుంది.

"ఏమైందమ్మా? ఎవరు పొడిచేది?"

"కిందింటి లైబ్రరీ ఆయన!"

"మా అల్లుడా? ఆయనకి కత్తి పట్టుకోవడమే రాదే!" అని మామగారు నోరు తెరిచి, సంచీ అక్కడే పడేసి పైకి పరుగెత్తారు. వెనకాలే కూతురు.

పైకి వెళ్లాక ఆయన మాస్టారిని చూడలేదు, అల్లుడిని చూడలేదు. బ్లేడును చూశారు.

"ఇది నా చాకుది కదూ? పెద్ద పనివాడి దగ్గర ఉండాల్సింది మాస్టారి వెనకాలకెలా వచ్చింది?"

లైబ్రేరియన్‌గారు బ్లేడు కిందికి దించారు. ఇక దాచి లాభం లేదు.

"పనివాడూ లేడు, ఎవరూ లేరు మామయ్యగారూ. ఆరు నెలలుగా అబద్ధమే చెప్పాను. నా చేత్తో బాగుచేసి, ఒక్కసారి మీ చేత శభాష్ అనిపించుకుందామని..." నలుగురి ముందు మోకాళ్ల మీద, చేతిలో బ్లేడుతో, ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

మామగారు బ్లేడు తీసుకుని మాస్టారి పైజామా మీంచి వాషరును పెకలించారు. వాషరు మీది చీటీ ఊడలేదు సరికదా, రూపాయి బిళ్లంత పైజామా గుడ్డ కూడా దానితో వచ్చేసింది.

కిందికొచ్చి టేబులు ముందు కూర్చున్నారు. గోరుతో గీకారు, నీళ్లలో నానబెట్టారు. ఒక్క చీటీ ఊడలేదు. "ఏం జిగురండీ ఇది!" అన్నారు. పన్నెండేళ్లలో ఆ గొంతులో అల్లుడి పట్ల మెప్పులాంటిది వినపడటం అదే మొదటిసారి. చేసేదిలేక చీటీలతోనే, అంకెల వరస చూసుకుంటూ బిగించుకొచ్చారు. స్క్రూ ఆరో నంబరు బొజ్జలోంచి కాగితాన్నీ గుడ్డనూ చీల్చుకుని అవతలికి దూరింది. చాకు తెరిచారు. ఊగలేదు. వాషరు అరిగిన చోటును ఆ కాగితమూ గుడ్డా నింపేశాయి. ఆపిల్ తొక్క ఎక్కడా తెగకుండా నేల దాకా జారింది.

కూతురు ఆ తొక్కను పారేయడానికి వెళ్లగానే మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అల్లుడుగారూ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మీకివ్వకముందు ఈ చాకుతో నేను రెండు నెలలు కుస్తీ పట్టాను. ఆ వాషరును అరగదీసింది నేనే. ముప్పై ఏళ్ల ఫోర్‌మన్‌కి చాకు లొంగలేదంటే మీ అత్తగారు నన్ను బతకనిస్తుందా? అందుకే మీకు అంటగట్టాను."

"మరి నన్ను ముట్టుకోవద్దన్నారు కదా?"

"మీరు నిజంగా బాగుచేసేస్తే నా పరువేం కావాలండీ?" అని ఆయన అల్లుడి భుజం తట్టారు. "శభాష్! ఆ జిగురు ఒక సీసాడు ఇవ్వండి."

లైబ్రేరియన్‌గారి కాళ్లు ఆ పూటంతా నేల మీద ఆనలేదు.

మరుసటి ఆదివారం మామగారు పిడి ఊగే మూకుడు, కాలు ఊగే స్టూలు, రెండు గొడుగులు తెచ్చారు. ఆపై ఆదివారం తనతోపాటు రిటైరైన ముగ్గురు ఫోర్‌మన్లను, వాళ్ల సంచులతో సహా తీసుకొచ్చారు. వచ్చిన ప్రతివాళ్లకీ అల్లుడి చేతులు చూపించి మరీ పరిచయం చేశారు.

పాఠకుల సౌకర్యార్థం ఇకపై లైబ్రరీని ఆదివారాలు కూడా తెరిచి ఉంచాలని లైబ్రేరియన్‌గారు పై అధికారులకు అర్జీ పెట్టుకున్నారు.