పెళ్లికూతుళ్ల సీటు

ఆ శనివారం పొద్దున సామ్యూల్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. చొప్పదండి బజారులో ఉన్న చెప్పుల దుకాణాన్ని మధ్యాహ్నానికల్లా కట్టేయాలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న అంబాసిడర్ సీటుకు రంగు కొట్టాలి. మర్నాడు చర్చి ముగిసేసరికి అది ఆరిపోవాలి. ఎండలు మండుతున్నాయి కాబట్టి ఆరడం గురించి రంధి లేదు.

ఇంత తొందర రావడానికి కారణం స్తుతి. పాస్టరు ప్రేమ్‌చంద్ అయ్యగారి బిడ్డ. చిన్నప్పుడే తల్లి పోయింది. వచ్చే గురువారం పెళ్లి. చెప్పులు కొనడానికి దుకాణానికి వచ్చి, కాలికి తొడిగి చూసుకుంటూ మెల్లగా మాట కదిపింది.

"పెద్దబాపూ, ఏమనుకోకు. నీ కార్ల సీటు మస్తు పాతగైంది. ఫొటోలల్ల మంచిగ రాదు. మా మామ కరీంనగర్ నుంచి కొత్త కారు తెస్తనంటుండు."

వద్దన్న గిరాకీని వద్దన్న మాట మీదే పంపించే అలవాటు సామ్యూల్‌కు లేదు. "ఆదివారం దాక ఆగు బిడ్డా. చర్చి అయినంక వచ్చి చూడు. నచ్చకపోతే మీ మామ కారుకు నేనే పూలు కడత," అన్నాడు. మర్నాడే రంగు కోసం కరీంనగర్ బస్సెక్కాడు.

ఆ కారు అతని తండ్రి జేమ్స్‌ది. బాపు మిషన్ ఆస్పత్రిలో డ్రైవరు. అక్కడి డాక్టరమ్మ ఊరు విడిచి వెళ్తూ కారును ఆయనకే ఇచ్చి పోయింది. అందరి అంబాసిడర్లకు రెక్సిన్ సీట్లుంటే దీనికి అసలు తోలు సీటు. ఏటా క్రిస్మస్‌కు ముందు బాపు ఆముదాన్ని గోరువెచ్చగా కాచి, పాత పంచె గుడ్డతో ఆ తోలుకు పట్టించేవాడు, పసిపిల్ల తలకు పట్టించినంత ఓపికగా. ఆ వాసన తగిలితే సామ్యూల్‌కు ఇప్పటికీ క్రిస్మస్ కొత్త బట్టలు గుర్తొస్తాయి.

సంఘంలో ఏ ఆడపిల్ల పెళ్లయినా ఆ కారులోనే చర్చికి వచ్చేది. ఎడమవైపు కిటికీ పక్కన పెళ్లికూతురు. ముసుగు ఎగిరిపోకుండా బాపు బండిని ఎంత మెల్లగా నడిపేవాడంటే, సైకిళ్ల మీద పోయేవాళ్లు దాటిపోతూ లోపలికి తొంగి చూసి నవ్వేవాళ్లు. సంతోషమ్మ మందమర్రి నుంచి సామ్యూల్ భార్యగా వచ్చిందీ అట్లాగే. బాపు పోయాక ఆముదం పని సామ్యూల్ మీద పడింది. ఒక్క ఏడూ తప్పలేదు. అయినా తోలుకు వయసు ఆగుతుందా? అంచులు వెలిశాయి, నడుమ సన్నటి గీతలు పడ్డాయి. ఇప్పుడు ఒక కొత్త కారు ఒక్కసారి చర్చి మెట్ల ముందు ఆగిందంటే, ఇక తర్వాతి పిల్లలు ఎవరూ ఈ పాత బండి ఎక్కరు. గిరాకీ ఒకసారి పక్క దుకాణం మెట్లెక్కితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా?

కరీంనగర్‌లో తోలు మీద కొట్టే స్ప్రే రంగు దొరికింది. ముదురు గోధుమ రంగు. మొదట సీటును స్పిరిట్‌తో తుడిచి జిడ్డంతా తీసేయాలని, ఆ తర్వాత కొడితే పదేళ్లయినా రంగు పోదని డబ్బా మీద రాసి ఉంది. స్పిరిట్ సీసా కూడా కొన్నాడు. చిక్కు అక్కడ మొదలైంది. సంఘంలో ఎవడి నోరు వాసన వచ్చినా పిలిచి కూర్చోబెట్టి బుద్ధి చెప్పే పెద్ద సామ్యూలే. అట్లాంటి మనిషి ఇంట్లో సారా వాసన కొట్టే సీసా కనబడితే ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలి? చెప్పడం కంటే దాచడమే చవక అనుకుని, కాగితం చుట్టి డిక్కీలో స్టెప్నీ కింద పెట్టాడు.

చాప కోసం డిక్కీ తెరిచిన సంతోషమ్మకు అదే చేతికి తగిలింది. మూత తీసి వాసన చూసింది. ఆమె బొగ్గుబాయి కార్మికుని బిడ్డ. జీతాల రోజు సాయంత్రం కాలనీ అంతా ఎట్లాంటి వాసన కమ్ముకునేదో ఆమెకు తెలుసు. కొట్లాట పెట్టుకుంటే వాడకట్టంతా వింటుంది. అందుకని సీసాలోది మోరీలో ఒంపేసి, నల్లా నీళ్లు నింపి, అదే కాగితం చుట్టి అక్కడే పెట్టింది. నోట్లో పోసుకున్నప్పుడు సిగ్గు దానంతటదే వస్తుందని ఆమె లెక్క.

మధ్యాహ్నం సామ్యూల్ సీసా మూత తీస్తే వాసన లేదు. దుకాణంవాడు నీళ్లు కలిపాడని తిట్టుకున్నాడు. వ్యాపారంలో ఇట్లాంటివి ఉంటాయని సర్దుకుని, ఆ నీళ్లతోనే సీటంతా తుడిచాడు. దుమ్ము పడకుండా షెడ్డు తలుపు వేసుకుని, మూతికి తువ్వాల కట్టుకుని రెండు పూతలు కొట్టాడు. బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడ్డాయి, తల తిరిగి అడుగు తడబడింది. పక్కింటి కొమురవ్వ గోడ మీదుగా అంతా చూసింది.

"సంతోషక్కా, మీ ఆయన లోపట ఏం చేస్తుండో గని, తూలుకుంట బయటికొచ్చిండు. గా వాసన మా వంటింటి దాక కొడుతంది," అంది.

సంతోషమ్మ లెక్క తప్పింది. నల్లా నీళ్లు తాగినవాడు తూలడు. అంటే దొరికిన సీసా ఒక్కటే, దొరకనివి ఇంకా ఉన్నాయి. షెడ్డులో ఏం చేస్తున్నావని అడిగితే అతను ముసిముసిగా నవ్వి, రేపు చర్చి అయినంక చూస్తావులే అన్నాడు. ఆ నవ్వు చూశాక ఆమె ఇక ఆగలేదు. తిన్నగా అయ్యగారి ఇంటికి పోయింది.

ఆదివారం అయ్యగారు నోవహు ద్రాక్షారసం తాగి మత్తుగా పడుకున్న ఘట్టం మీద వాక్యం చెప్పారు. సామ్యూల్ ముందు వరుసలో కూర్చుని తల ఊపుతూ విన్నాడు. సంఘంలో ఎవడో దోవ తప్పినట్టున్నాడు, వాడెవడో కనుక్కోవాలని మనసులో పెట్టుకున్నాడు.

చర్చి విడిచాక అయ్యగారు తెల్ల నిలువుటంగీతోనే వచ్చారు. వెంట ఇద్దరు సంఘ పెద్దలు, వాళ్లవీ ఇస్త్రీ చేసిన తెల్లబట్టలే. బిడ్డ కంటే ముందు తండ్రే సీటు చూడడానికి వచ్చాడని సామ్యూల్ మురిసిపోయాడు. లోపల కూర్చుంటేనే తెలుస్తుందని షెడ్డులోకి తీసుకుపోయి కారు తలుపు తీశాడు. తప్పు చేసిన చోటికి తానే తీసుకొచ్చాడని అయ్యగారికి ఆశ పుట్టింది. ముగ్గురూ వెనక సీటులో ఒదిగి కూర్చున్నారు. మాట వీధిలోకి పోకుండా అద్దాలు ఎక్కించమన్నారు.

"ఎందుకు దాచినవ్ సామ్యూల్?"

"చెప్తె నమ్మరని అయ్యగారూ. ఇంట్ల గూడ చెప్పలే."

"మీ బాపు పేరు జర యాద్ చేసుకోవాలె గద."

"బాపు పేరు నిలబెడదామనే చేసిన."

అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. దుకాణం కోసం, సంతోషమ్మ కన్నీళ్ల కోసం ప్రార్థించారు. సామ్యూల్ కాలేయం కోసం అయితే చాలాసేపు ప్రార్థించారు. సీటుకు రంగు కొడితే కాలేయానికి ఏమవుతుందో సామ్యూల్‌కు అర్థం కాలేదు. డబ్బా మీద అట్లాంటిదేమీ చదివిన గుర్తు లేదు. రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం, మూసిన కారు. ఆమెన్ అనేసరికి ముగ్గురూ చెమటతో తడిసి ముద్దయ్యారు.

మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ సంతోషమ్మ ముందుగా అయ్యగారి వీపు చూసింది. భుజాల నుంచి కింది దాకా ముదురు గోధుమ రంగు, అందులో సీటు కుట్లు వరుసకు వరుస అచ్చుపడ్డాయి. తక్కిన ఇద్దరిదీ అదే వాలకం. ఆమె పళ్లెం కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"గా సీసాలది తాగేది కాదా?"

"సీటు తుడిచేది. నువ్వెక్కడ చూసినవ్?"

"నేను పారబోసి నీళ్లు నింపిన."

అయ్యగారు తన వీపు తాను చూసుకోవాలని గుండ్రంగా తిరుగుతున్నారు. ఇన్నేళ్లుగా తోలు తాగిన ఆముదం మీద నీళ్లు జారిపోయాయని, రంగు పట్టకుండా పైపైనే ఉండిపోయిందని సామ్యూల్‌కు అప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే మాట ప్రకారం స్తుతి వచ్చింది. తండ్రి వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సామ్యూల్ ఆమె మొహం చూడలేకపోయాడు.

"మీ మామకు ఫోన్ చెయ్యి బిడ్డా. పూలు నేనే తెస్త," అన్నాడు.

బాపు పంచె గుడ్డ తీసుకుని సీటు తుడవడం మొదలుపెట్టాడు. రేపటి నుంచి బండి షెడ్డులోనే ఉండేదైనా, బాపు ఉంచినట్టు ఉండాలి. పెద్దలు మోసుకుపోగా మిగిలిన రంగు గుడ్డకు ఊరికే వచ్చేసింది. కింద నుంచి పాత తోలు బయటపడింది, వెలిసిపోయి, నూనెతో మెరుస్తూ. కిటికీ పక్కన ఎడమవైపు తోలు కొంచెం లోతుగా కుంగి ఉంది. ఆ కుంగిన చోటును సామ్యూల్ ఎప్పుడూ సరుకు తరుగు కింద కట్టుకునేవాడు.

సంతోషమ్మ వంగి అక్కడ చెయ్యి పెట్టింది. "గీడనే కూసున్న నేను. దారి పొడుగునా ఏడుస్తనే ఉన్న. మామయ్య వెనక్కి మర్రకుండ తువ్వాల ఇచ్చిండు." స్తుతి వైపు తిరిగింది, "స్తుతీ, మీ అవ్వ గూడ గీడనే."

అయ్యగారు తిరగడం ఆపారు. "అవును బిడ్డా. దిగేటప్పుడు ముసుగు తలుపుల పడ్డది. మీ అవ్వ నవ్వుడు మొదలువెడితే మా పెండ్లి జర ఆలస్యమైంది," అన్నారు మెల్లగా.

ఆగమని సామ్యూల్ అనేలోపే స్తుతి తెల్లచీరతో కారెక్కి ఆ కుంగిన చోట కూర్చుంది. సరిగ్గా సరిపోయింది. అద్దం దించుకుని కాసేపు బయటికి చూస్తూ ఉండిపోయింది. తర్వాత దిగి, సంతోషమ్మకు వీపు చూపించింది. చీర తెల్లగానే ఉంది.

"పెద్దబాపూ, గురువారం జర జల్ది రా. మెల్లగ పోవాలె గద," అంది.

డబ్బా మీద రాసింది అబద్ధమని సామ్యూల్ ఎన్నడూ అనలేదు. అయ్యగారి అంగీ మీద ఆ రంగు ఇప్పటికీ పోలేదు.