సంతృప్తి చెందిన పౌరుడు

రాష్ట్ర ప్రజలు సంతృప్తిగా ఉన్నారో లేదో తేల్చుకునే బరువైన బాధ్యతను ఇకపై ప్రజల నెత్తిన పెట్టేది లేదని, ఆ భారమంతా ప్రభుత్వమే మోస్తుందని ప్రజా సంతృప్తి శాఖ మంత్రి శ్రీ నరసింహమూర్తి ప్రకటించారు. రాయదుర్గంలోని ఒక అద్దాల భవనం పై అంతస్తులో జరిగిన ఈ సమావేశంలో విలేకరులు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అప్పటికే భోజనాలు అయిపోయాయి కాబట్టి వారు కూడా సంతృప్తిగానే ఉన్నారు.

ఆ ప్రకటనను అదే భవనంలో కొన్ని అంతస్తుల కింద, గోడకున్న టీవీలో హేమంత్ చూశాడు. చూశాడు గానీ పట్టించుకోలేదు. అతను వచ్చింది యాక్టర్ అవడానికి. అతని వెయిటింగ్ అంతా మహేందర్ అనే ఏజెంటు పిలుపు కోసం.

హేమంత్‌ది కదిరి దగ్గర పల్లె. ఇంజనీరింగ్ చదివి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేసి, ఇతరులు చేసిన తప్పులు వెతకడంలో జీవితం గడిచిపోతోందని బాధపడి రాజీనామా ఇచ్చాడు. పుప్పాలగూడలో ఒక గదిలో ఉంటూ, అద్దం ముందు ఏడవడం, నవ్వడం, చనిపోవడం సాధన చేశాడు. చనిపోవడం బాగా కుదిరింది. ఇక ఏజెంటు దొరికితే చాలనుకున్నాడు. ఏజెంటు లేని నటుడు ఆధార్ లేని మనిషిలాంటివాడని, ఉన్నా లెక్కలోకి రాడని ఈ రంగంలో అందరూ చెప్పారు.

మహేందర్ ఆఫీసు ఒక కో-వర్కింగ్ స్పేస్‌లో ఒక టేబుల్. ఆ టేబుల్‌కి అటుపక్క ఒక స్టార్టప్, ఇటుపక్క ఇంకో స్టార్టప్. మహేందర్ ఫోటోలు చూశాడు, చేతులు చూపించమన్నాడు, లేచి నడవమన్నాడు. తర్వాత హేమంత్ నెల రోజులుగా సిద్ధం చేసుకున్న చావు సీను మొదలుపెట్టాడు. సగంలో మహేందర్ చెయ్యెత్తాడు.

"చచ్చుడు బంద్ పెట్టు తమ్మీ. కృతజ్ఞత చూపెట్టు. కండ్లల్ల."

హేమంత్‌కి ఆ సాధన లేదు. అయినా కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన రోజును తలుచుకుని చూపించాడు. మహేందర్ ముందుకు వంగి అతని కళ్ళలోకి చూశాడు. తర్వాత అగ్రిమెంటు తీసి ముందు పెట్టాడు. హీరోలు కావాలని వచ్చేటోళ్ళు గల్లీకి పది మంది ఉన్నారని, మంచి పబ్లిక్ మాత్రం దొరకడం లేదని, మార్కెట్లో ఇప్పుడు డిమాండ్ అంతా పబ్లిక్‌కేనని వివరించాడు. ముందు పెద్ద మనుషుల పక్కన కనబడాలి, కనబడితే గుర్తింపు, గుర్తింపు వస్తే సినిమా అని వేళ్ళ మీద లెక్క చెప్పాడు. అంత స్పష్టమైన కెరీర్ ప్లాను హేమంత్‌కి కంపెనీలో కూడా ఎవరూ ఇవ్వలేదు. సంతకం పెట్టేశాడు.

మొదటి వేషం మెట్రోలో. మంత్రిగారు సామాన్యుడిలా మెట్రో ఎక్కి సామాన్యులతో మాట్లాడాలని సంకల్పించారు. సామాన్యులకు ఇబ్బంది కలగకూడదు కాబట్టి ఆ బోగీలోంచి సామాన్యులను ముందే దించేసి, మహేందర్ మనుషులను ఎక్కించారు. దిగినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద నిలబడి, అద్దాల్లోంచి సామాన్యులను చూశారు.

డైలాగు రాసింది మంత్రిగారి పీఏ పార్థసారథి. గోదావరి జిల్లా మనిషి, కాలేజీ రోజుల్లో నాటికలు రాసి బహుమతులు అందుకున్నవాడు, ఆ బహుమతులు ఇప్పటికీ మరిచిపోనివాడు. ఆయన హేమంత్‌ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"చూడండి బాబూ, మంత్రిగారు ఏం అడిగినా మీ సమాధానం ఇదొక్కటేనండి. 'మాకేం కావాలి సార్, మీరుంటే చాలు.' ఒక్క మాట కూడా మార్చకండి. మారిస్తే బరువు పోద్దండి."

మంత్రిగారు ఎక్కారు. హేమంత్ భుజం మీద చెయ్యి వేసి, ఏసీ బాగుందా, సీట్లు బాగున్నాయా, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగారు. హేమంత్ డైలాగు చెప్పాడు. మంత్రిగారు తల తిప్పి కెమెరా వైపు చూశారు. ఆయన తల తిప్పిన తీరు చూసి, తను ఇంకా ఎంతో నేర్చుకోవాలని హేమంత్ ఆ రాత్రి తనకు తానే ఒప్పుకున్నాడు.

తర్వాత వేషాలు వరుసగా వచ్చాయి. మూసాపేటలో వానకి ఒక కాలనీ మోకాలి లోతున మునిగితే, శాఖ వారు అక్కడికి సొంత కాలనీవాసులను తీసుకెళ్ళారు. అసలు కాలనీవాసులను మేడల మీదే ఉండాలని, బాల్కనీల్లోంచి తొంగి చూడవద్దని మైకులో కోరారు. హేమంత్ లుంగీ ఎగ్గట్టి, నీళ్ళలో నిలబడి, కాలువ పనులు చురుగ్గా సాగుతున్నందుకు ఆనందించాడు. పై నుంచి ఒక ముసలమ్మ మైకు మాట వినకుండా తొంగి చూసి, "బిడ్డా, మీది ఏ ఇల్లు?" అని అడిగింది. హేమంత్ ఆమెకూ అదే డైలాగు చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆటో డ్రైవరుగా, పెన్షన్ అందిన పెద్దాయనగా, పోయిన సర్టిఫికెట్ తిరిగి దొరికిన విద్యార్థిగా కనిపించాడు. మాట ఒక్కటే. అయితే ఆటో డ్రైవరు దాన్ని గర్వంగా అన్నాడు, పెద్దాయన దగ్గుతూ అన్నాడు, విద్యార్థి గొంతు తడబడుతూ అన్నాడు. ఒక్క మాటలో ఇన్ని షేడ్లు పలికించగలవాడు ఈ ఐటీ కారిడార్ మొత్తం మీద లేడని పార్థసారథి సర్టిఫికెట్ ఇచ్చాడు. మంత్రిగారు ప్రతిసారీ అదే భుజం మీద చెయ్యి వేశారు, ప్రతిసారీ పేరు అడిగారు. ఒక్కసారి కూడా ఆనవాలు పట్టలేదు. ఇంతకంటే గొప్ప ప్రశంస నటుడికి ఏముంటుందని హేమంత్ పొంగిపోయాడు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం మొదలైంది. పొద్దున టిఫిన్ సెంటర్లో ఇడ్లీ పెట్టిన ఆయన ఇంకేం కావాలని అడిగితే, హేమంత్ నోటి నుంచి "మాకేం కావాలి అన్నా, మీరుంటే చాలు" అని వచ్చేసింది. ఆయన సంతోషించి చట్నీ వెయ్యకుండా వెళ్ళిపోయాడు.

రైతు వేషంతో హేమంత్ దశ తిరిగింది. పుప్పాలగూడలో పొలం లేదు. కానీ ఒక బిల్డర్ పునాది తవ్వక ముందు వదిలేసిన స్థలం ఉంది. ట్రేలలో పెరిగిన నారు తెచ్చి రాత్రికి రాత్రి నాటించారు, ట్యాంకర్లతో నీళ్ళు పెట్టించారు, చుట్టూ ఉన్న టవర్లు కనబడకుండా కెమెరా కిందికి దించారు. హేమంత్ తెల్లమీసం పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, వాళ్ళ నాన్న గోవిందప్ప నడిచినట్టే కొంచెం వంగి నడిచాడు. అది మాత్రం నటన కాదు. నాన్న వేరుశనక్కాయ మూట దించుకుని నడుము పట్టుకుని నిలబడే తీరు అతనికి చిన్నప్పటి నుంచీ కంటి ముందే ఉంది.

మంత్రిగారు బురదలోకి దిగి రైతును కావలించుకున్నారు. ఏం కావాలి పెద్దాయనా అన్నారు. రైతు ఏడుస్తూ తన మాట చెప్పాడు. మంత్రిగారి కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఆ ఫోటో మెట్రో పిల్లర్లన్నింటి మీదకీ ఎక్కింది.

ఆ సాయంత్రం అమ్మ ఈశ్వరమ్మ ఫోన్ చేసింది.

"టీవీలో ఒక రైతును చూపిచ్చినారు రా. అచ్చం మీ నాయన మాదిరే ఉండాడు. పాపం, ఎవురి బిడ్డో, మంత్రిని పట్టుకోని ఏడుస్తా ఉండాడు. అది సరే గానీ నాయనా, ఉద్యోగం ఇడిసిపెడితివే, నువ్వెప్పుడు కనపడతావు టీవీలో?"

హేమంత్‌కి గర్వంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది. నేనేనమ్మా అని చెప్పలేకపోయాడు, అగ్రిమెంటులో ఆ షరతు ఉంది. త్వరలోనే సొంత ముఖంతో కనబడతానని మాట ఇచ్చాడు.

ఆ మాట నిలబెట్టుకునే రోజు కూడా వచ్చింది. తేజస్విని అనే కాస్టింగ్ డైరెక్టర్ ఒక సినిమాకి ఆడిషన్ తీసుకుని, హీరో స్నేహితుడి వేషానికి అతన్నే ఎంచుకుంది. రెండు పేజీల డైలాగు, ఒక చావు. డైరెక్టరూ ఒప్పుకున్నాడు. మిగిలింది నిర్మాత ఒక్కడే. నిర్మాత మంత్రిగారి బావమరిది. బావ ఒక్క మాట చెబితే సంతకం పెడతానని, చెప్పకపోతే తన తమ్ముడి కొడుకు ఖాళీగానే ఉన్నాడని ఆయన అన్నాడు. మర్నాడు సాయంత్రం లోపు కబురు రావాలని తేజస్విని మెసేజ్ పెట్టింది.

మహేందర్ మొదటిసారి ఉత్సాహపడ్డాడు. అన్నిసార్లు భుజం మీద చెయ్యేసిన మనిషి ఒక్క మాట చెప్పడా, ఫికర్ చెయ్యకు అన్నాడు. పార్థసారథిని పట్టుకుని మంత్రిగారి సమయం తీసుకున్నాడు. వేషం వద్దు, మీసం వద్దు, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నదున్నట్టు మాట్లాడమన్నాడు. హేమంత్ రాత్రంతా అద్దం ముందు హేమంత్‌ను సాధన చేశాడు. ఎంత చేసినా ఎక్కడో లోటుగా అనిపించింది.

మంత్రిగారు పై అంతస్తులో తెల్ల తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చుని ఉన్నారు. మహేందర్‌తో కలిసి లోపలికి వెళ్ళి హేమంత్ నమస్కారం పెట్టాడు. తన పేరు, ఊరు చెప్పాడు. ఉద్యోగం వదిలేశానని, అమ్మకు మాట ఇచ్చానని, ఈ వేషం తప్పితే ఇంక వెనక్కి పోవడమేనని, మీరు ఒక్క మాట చెబితే చాలని అన్నాడు. చేతులు వణికాయి. గొంతు పట్టేసింది. అవేవీ అతను చేసినవి కావు.

మంత్రిగారు చివరిదాకా విన్నారు. తర్వాత పార్థసారథి వైపు తిరిగారు.

"ఎవరయ్యా ఇది రాసింది? చేతులు వణుకుడు ఏంది, గొంతు పట్టుడు ఏంది. అంతా ఓవర్."

"నేను రాయలేదండి," అన్నాడు పార్థసారథి వెంటనే.

"ముప్పై ఏండ్ల సంది జనంల తిరుగుతున్న. అసలు మనిషి ఎవడో, యాక్టింగ్ ఎవడు చేస్తున్నడో ఒక్క సూపుల చెప్త. మొన్న పొలంల కలిసిండు సూడు రైతు, గాయన మనిషంటే. గాయన ఏది అడిగినా కాదనను. ఈ పిలగాణ్ణి పంపియ్యి."

హేమంత్ జేబులో ఫోన్ మోగింది. తేజస్విని. మహేందర్ ఏజెంటు. క్లయింటు చేజారుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. చకచకా వెళ్ళి, మంత్రిగారి వీపు వెనక నుంచి కుర్చీ మీది తువ్వాలు లాగాడు. దాన్ని హేమంత్ తలకు చుట్టాడు. వీపు మీద చెయ్యి పెట్టి కొంచెం వంచాడు.

హేమంత్ వంగాడు. ఆ వంగడంలోనే గోవిందప్ప వచ్చేశాడు.

మంత్రిగారు దిగ్గున లేచారు. టేబులు చుట్టూ తిరిగి వచ్చి రెండు చేతులా కావలించుకున్నారు. పెద్దాయనా, ఇంత దూరం మీరు నడిచి రావాలా, కబురు పెడితే నేనే రాకపోదునా అని నొచ్చుకున్నారు. ఫోన్ తీసి బావమరిది నంబరు మీద వేలు పెట్టి పట్టుకున్నారు.

"అడుగు పెద్దాయనా. సిగ్గుపడకు. ఏం గావాలె నీకు?"

మహేందర్ వెనక నుంచి గట్టిగా గిల్లాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. హేమంత్ మంత్రిగారి కళ్ళలోకి చూశాడు. కళ్ళలో కృతజ్ఞత దానంతటదే నిండింది. నోరు తెరిచాడు.

"మాకేం కావాలి సార్, మీరుంటే చాలు."

మంత్రిగారు కళ్ళు తుడుచుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట కూడా మారలేదని పార్థసారథి తృప్తిగా తల ఊపాడు.